సైకిల్‌ను రోడ్డు అంచున నడపాలా, లేన్ మధ్యలోనా?

ప్రశ్న: నేను రోజూ సైకిల్‌పైనే పనికి వెళ్తాను. అంచున నడిపితే కార్లు మోచేతిని రాసుకుంటున్నట్టు దూసుకుపోతున్నాయి. కాస్త లోపలికి జరిగితే వెనక హారన్ మోత ఆగదు. నిన్న ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకోగా, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాను. ఇంతకీ ఎక్కడ నడపడం క్షేమం?

జవాబు 1: ఆగి ఉన్న కార్లకు కనీసం తలుపు వెడల్పంత, అంటే సుమారు ఒక మీటరు, ఎడంగా నడపండి. కూడళ్లు సమీపిస్తున్నప్పుడు లేన్ మధ్యకు రావడం పొగరు కాదు, కనబడటానికి మార్గం. బ్రిటన్‌లో 2022లో సవరించిన హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ఈ మాటే చెబుతూ, గంటకు 30 మైళ్ల వరకు వేగంతో సైకిల్‌ను దాటే వాహనం కనీసం 1.5 మీటర్ల ఎడం ఉంచాలని కూడా సూచించింది.

జవాబు 2: నేను కారు నడిపేవాణ్ణి. రాత్రి లైటు లేకుండా, ఎర్ర సిగ్నల్‌ను లెక్కచేయకుండా వచ్చే సైకిళ్లు మా గుండెలు జారేలా చేస్తాయన్నది నిజమే. అయితే తలుపు విషయంలో తప్పు మాదే. తలుపుకు దూరంగా ఉన్న చేత్తో గడియ తీస్తే భుజం తిరిగి, చూపు దానంతటదే వెనక్కి పోతుంది. నాకు అలవాటు కావడానికి వారం పట్టింది.

జవాబు 3: లారీ మలుపు తిరిగే వైపు, దాని పక్కన మాత్రం ఆగకండి. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే, మీరూ ఆయనకు కనబడనట్టే.