తొమ్మిదో తరగతి సర్వేకి మా బడి ఎంపికైంది, ఎట్టా సిద్ధం కావాలి?

మెట్ట టీచర్ (నవంబరు 2024)

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూడటానికి దేశమంతా డిసెంబరు 4న జరిగే పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్‌కి మా తొమ్మిదో తరగతి ఎంపికైందని కబురొచ్చింది. హెచ్చెమ్ గారు ఏర్పాట్లన్నీ నాకు అప్పగించారు. ఆ వెంటనే 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగు. బడంతా ఇప్పుడు ఆ హడావుడిలోనే ఉంది.

మాకు తొమ్మిదిలో రెండు సెక్షన్లు. బీ సెక్షన్లో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళు. కొందరు అమ్మానాన్నలతో పాటు బేల్దారి పనికి బెంగళూరు పోతారు, నెలల తరబడి బడికి రారు. వాళ్ళలో తెలుగు వాచకమే కూడబలుక్కుంటూ చదివేవాళ్ళున్నారు. స్టాఫ్ రూములో ఒకరిద్దరు "అలాంటివాళ్ళని ఆ ఒక్కరోజు ఇంటిదగ్గర ఉండమందాం, బడి పేరు దక్కుతుంది" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. గట్టిగా కాదందామంటే ఏమని చెప్పాలో తెలియడం లేదు.

ఇంతకుముందు ఇలాంటిది జరిపించినవాళ్ళు చెప్పండి. ఈ కొద్దిరోజుల్లో ఏ పాఠాలు చదివించాలి? గది ఎలా పెట్టాలి? జవాబుకి గుండ్రం దిద్దే ఓఎమ్మార్ షీటు ఏడు, ఎనిమిది తరగతుల్లో బడిలో పెట్టే సీబీఏ పరీక్షలకి చూసే ఉన్నారు గానీ ఇప్పటికీ గుండ్రం బయటికి దిద్దేవాళ్ళున్నారు.

పొదలకూరు పెద్దాయన (రిటైర్డ్ హెచ్చెమ్)

అమ్మా, మీ మనసొప్పకపోవడమే సరైంది. ముందు ఆ సంగతే తేల్చుకుందాం, గదులూ బెంచీలూ తర్వాత.

ఈ సర్వేలో బడికి మార్కులుండవు, పిలకాయకీ ఉండవు. 2017లో ఇట్టాంటి సర్వేనే న్యాస్ అనే పేరుతో జరిగినప్పుడూ, 2021 నవంబరు 12న జరిగినప్పుడూ జిల్లాకొక నివేదిక వచ్చింది, అంతే. ఫలానా బడికి ఇన్ని అని ఎక్కడా వెయ్యలేదు. మరి ఎవరి పేరు నిలబెట్టేదానికి ఆ బిడ్డల్ని ఇంటికి పంపేది? మన జిల్లాలో తొమ్మిదికొచ్చిన పిలకాయ నిజంగా ఏం చదవగలడు, ఏ లెక్క చేయగలడు అని తెలుసుకునేదానికే కదా ఇంత ఖర్చుపెట్టి వచ్చేది. చదవలేనివాణ్ణి దాచిపెట్టి లెక్క పంపితే, అట్టాంటివాడు మన జిల్లాలో లేడనే పైవాళ్ళు నమ్ముతారు. టీచర్లకి ఏ శిక్షణ ఇవ్వాలి, ఏ సబ్జెక్టులో వెనకబడ్డారు అని కూర్చుని మాట్లాడేది ఆ కాగితం ముందు పెట్టుకునే. బెంగళూరు పోయొచ్చిన బిడ్డ ఆ కాగితంలో అందరికంటే ముందు కనపడాల. ఈ మాట స్టాఫ్ రూములో అందరూ ఉన్నప్పుడే చెప్పండి, ఒక్కొక్కరి చెవిలో వద్దు. హెచ్చెమ్ గారి నోటనే చెప్పించగలిగితే ఇంకా మేలు.

ఇంకో మాట. పిలకాయల్ని ఎంచేది మనం కాదు. సెక్షన్లో 30 మందికి మించి ఉంటే ఎవరెవరు రాయాలో బయటినుంచి వచ్చే ఫీల్డ్ ఇన్వెస్టిగేటరు వాళ్ళ పద్ధతి ప్రకారం తీస్తాడు. బీ సెక్షన్లో నలుగురిని ఏ సెక్షన్‌కి, ఏ సెక్షన్లో నలుగురిని బీ సెక్షన్‌కి మార్చుదాం అనే ఆలోచన ఎవరికన్నా ఉంటే ఈరోజే మాన్పించండి. హాజరుపట్టీ ఉన్నదున్నట్టే వాళ్ళ ముందు పెట్టాల.

ఇక అసలు కష్టం పిలకాయల్ని బడికి రప్పించడం. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజీ బెంగళూరులో ఉన్న తండ్రి ఫోనుకి చేరుతుంది, ఇంటిదగ్గర బిడ్డని చూసుకుంటున్న అవ్వకి చేరదు. ఆ పల్లె నుంచొచ్చే పిలకాయలతోనే అవ్వకి చెప్పి పంపండి. ఆటో నడిపే అబ్బయ్యకి మీరే స్వయంగా చెప్పండి, బుధవారం పొద్దున పావుగంట ముందే తీసుకురమ్మని. పంచాయతీ ఆఫీసులో ఒక మాట వేస్తే మైకులో కూడా చెప్పిస్తారు. డిసెంబరు మొదటివారమంటే మనకి వాన ఎప్పుడు దిగుతుందో తెలియదు. పోయినేడు మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. అందుకని వాగు దాటి వచ్చే పల్లె ఏదైనా ఉంటే వాళ్ళ సంగతి ముందే ఆలోచించండి, బడికి దగ్గర్లో చుట్టాలుంటే ముందురోజు రాత్రి అక్కడ పడుకోమనండి.

గది విషయం చెప్తా. కారని గది చూడండి, కరెంటు పోయినా అక్షరం కనపడే గది చూడండి. కొత్తగా రంగులేసిన గదే కావాలని పట్టు పట్టద్దు. కిటికీ లోంచి జల్లు కొడితే షీటు తడుస్తుంది కాబట్టి ఆ వైపు బెంచీలు లోపలికి జరపండి. గోడ మీద ఎక్కాల చార్టు, ఇండియా మ్యాపు, మూలకాల పట్టిక ఉంటే తీసెయ్యండి. గీసిన బొమ్మలైతే పాత పేపరు అంటించండి. పిలకాయకీ పిలకాయకీ మధ్య మనిషి నడిచేంత ఎడం ఉండాల. గడియారం అందరికీ కనపడాల, దాని బ్యాటరీ ముందురోజే మార్చండి. 7వ తేదీ మీటింగుకి డ్యాన్సు ప్రాక్టీసులు జరుగుతుంటాయి గదా, ఆ పూట మాత్రం స్పీకరు మోగకూడదు. మాలవేసిన పిలకాయలుంటే వాళ్ళ భిక్ష వేళ ఏంటో ముందే అడిగి పెట్టుకోండి.

కనిగిరి లెక్కలు

పెద్దాయన గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఏ పాఠాలు చదివించాలి అన్నారు కదా మేడం, దానికి నేను చెప్తాను.

పరఖ్ సర్వే మూడు, ఆరు, తొమ్మిది తరగతుల్లో జరిగేది ఊరికే కాదు. ఒక్కో దశ దాటి వచ్చిన పిల్లల్లో ఆ దశ చదువు ఎంత నిలిచిందో చూడటానికి. తొమ్మిదో తరగతి వాళ్ళని అడిగేది ఆరు నుంచి ఎనిమిది దాకా నేర్చుకోవాల్సినవి. కాబట్టి తొమ్మిదో తరగతి బహుపదులు పరుగెత్తి పూర్తిచేసినందువల్ల ఒరిగేదేమీ లేదు. బిట్ పేపర్లు జిరాక్సు తీసి బట్టీ పట్టించడం అసలే వద్దు. ఈ పదిరోజులూ రోజుకో పిరియడు మధ్యలో ఒక పేరా, ఒక పట్టిక, ఒక గ్రాఫు ఇచ్చి చదివించండి. మా పిల్లలు లెక్క రాక తప్పు చేయడం తక్కువ, ప్రశ్న మూడు లైన్లుంటే మొదటి లైను దగ్గరే ఆగిపోవడం ఎక్కువ. పొగాకు ఆరబెట్టే బేరన్ ఖర్చు మీద ఒక ప్రశ్న ఇస్తే మాత్రం చివరిదాకా చదివారు.

ఇంకోటి, మీడియం. మన పిల్లలు రికార్డుల్లో ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష, వాళ్ళు చదువుకునేది తెలుగు పేజీ. బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో మీ బడి మీడియం ఏమని ఉందో ఈరోజే చూసి, ప్రశ్నాపత్రం ఏ భాషలో వస్తుందో మండల వనరుల కేంద్రం ఎమ్మార్సీలో అడగండి. ఇంగ్లీషులోనే వచ్చేట్టయితే 'శాతం', 'సగటు', 'చుట్టుకొలత', 'వైశాల్యం' లాంటి మాటలకి ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రోజూ రాయించండి. ఇది మోసం కాదు, ప్రశ్న అర్థం కావడానికి బిడ్డకి ఉన్న హక్కు.

అద్దంకి చిన్నసారు

నేను 2021లో డైట్‌లో (టీచర్ ట్రైనింగు కాలేజీ) ఉన్నప్పుడు న్యాస్‌కి ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా పోయాను, ప్రకాశం జిల్లాలోనే ఒక హైస్కూలుకి. అటువైపు నుంచి చూసినవాడిగా రెండు మాటలు.

పరీక్ష సాఫీగా జరిగింది, ప్రశ్నావళుల దగ్గర గంటలు పోయాయి. పిల్లలకొకటి, టీచర్లకొకటి, బడికొకటి ఉంటాయి. బడిది హెచ్చెమ్ గారు నింపాలి. మొత్తం పిల్లలెంతమంది, ఆడ మగ ఎంతమంది, గదులు, మరుగుదొడ్లు, లైబ్రరీ, ల్యాబు, కంప్యూటర్లు, ఖాళీ పోస్టులు, ఇలాంటివి ఉంటాయి. యూడైస్ ప్లస్‌లో పెట్టిన వివరాల ప్రింటు, పదకొండు అంకెల బడి కోడు, అడ్మిషన్ రిజిస్టరు ఒకే ఫైల్లో పెట్టి బల్ల మీద ఉంచండి. టీచర్లందరూ ఆ రోజు సెలవు పెట్టకుండా ఉండాలి, వాళ్ళు నింపాల్సింది వాళ్ళే నింపాలి.

పిల్లల ప్రశ్నావళిలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, అమ్మ ఎంతదాకా చదివింది, ఇంట్లో ఏమేం ఉన్నాయి అని వస్తాయి. ఒక పాప అమ్మ చదువుకోలేదని రాయడానికి సిగ్గుపడి పక్కదాని వైపు చూసింది. మీరు ముందురోజే చెప్పండి, ఇందులో తప్పూ ఒప్పూ లేదు, ఉన్నది రాస్తే చాలని.

బాల్ పెన్ను ఒక్కొక్కరికి రెండు. జెల్ పెన్ను వద్దు, వాన రోజు చెయ్యి తగిలితే పాకుతుంది. షీటు మడవకూడదు, పిన్ను కొట్టకూడదు. తెల్లకాగితం మీద గుండ్రాలు ప్రింటు తీసి బీ సెక్షన్ చేత రోజుకొకసారి దిద్దించండి. ఆ గదిలోకి మీ టీచర్లు ఎవరూ రాకూడదు. ఆ నియమం గట్టిగా పాటించిన బడిలో పిల్లలు నిదానంగా రాసుకున్నారు. ప్రశ్నాపత్రం ఫొటో ఎవరూ తీయకూడదు, కాబట్టి ఫోన్లన్నీ హెచ్చెమ్ గారి గదిలో.

కావలి నాన్న

మా అమ్మాయి కూడా తొమ్మిదే, వాళ్ళ బడి కూడా ఎంపికైందంట. ఇందులో తక్కువొస్తే పదోతరగతికి ఏమన్నా ఇబ్బందా సార్?

పొదలకూరు పెద్దాయన

ఏ ఇబ్బందీ లేదు నాయనా. బిడ్డకి మార్కుల కాగితమే రాదు. రాత్రి తొందరగా పడుకోబెట్టి, పొద్దున టిఫిన్ తినిపించి పంపు.

మెట్ట టీచర్

అందరికీ చాలా థ్యాంక్స్. ఈరోజు స్టాఫ్ మీటింగులో హెచ్చెమ్ గారే చెప్పారు, తొమ్మిదిలో ఉన్న ప్రతి బిడ్డా 4న బడిలో ఉండాలని. పేర్లు మార్చే మాట ఎవరూ ఎత్తలేదు. మీడియం సంగతి అడగటానికి రేపు ఎమ్మార్సీకి పోతున్నాను. ఒక్క సందేహం. బీలో ఒక బాబుకి చూపు తక్కువ, బోర్డు కనపడదు, పుస్తకం మొహానికి ఆనించి చదువుతాడు. వాణ్ణి రాయించవచ్చా?

అద్దంకి చిన్నసారు

తప్పకుండా కూర్చోబెట్టండి మేడం. ఓఎమ్మార్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి వేరే గడి ఉంటుంది. ఫీల్డ్ ఇన్వెస్టిగేటరు రాగానే ముందు ఈ బాబు సంగతే చెప్పండి, వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంటే చూపించండి. వెలుతురు బాగా పడే చోట ముందు బెంచీ ఇవ్వండి. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఐఈఆర్పీ టీచరు ఉంటారు కదా, ఆమెని కూడా ఇప్పుడే కలవండి.

మెట్ట టీచర్ (జులై 2025)

పాత చర్చే గానీ మీ అందరికీ చెప్పాలనిపించింది. ఆ రోజు మా గది నిండింది. అవ్వలకి చెప్పి పంపిన మాట పనిచేసింది. చూపు తక్కువున్న బాబు కూడా రాశాడు. ఇప్పుడు నివేదిక వచ్చింది కదా, దేశం మొత్తమ్మీద తొమ్మిదో తరగతికి భాషలో సగటు 54 శాతం, సైన్సు, సాంఘికం 40, లెక్కల్లో 37. మా బీ సెక్షన్లో నేను రోజూ చూసేదే అంకెల్లో కనపడింది. ఈ సంవత్సరం ఎనిమిది, తొమ్మిది తరగతులకి సాయంత్రం ఒక గంట క్లాసు పెట్టడానికి హెచ్చెమ్ గారు ఒప్పుకున్నారు. శాతాలతో మొదలుపెడదామని మా లెక్కల సారు అంటున్నారు. పిల్లలకి పట్టేట్టు ఎక్కడినుంచి ఎత్తుకోవాలి?

పొదలకూరు పెద్దాయన

నిమ్మకాయల నుంచి ఎత్తుకోండి అమ్మా. మా పొదలకూరు మార్కెట్లో రైతు బస్తా దించితే కమీషను ఇంత శాతం, తరుగు ఇంత, కూలి ఇంత, పోగా చేతికి ఎంత అని చీటీ రాసిస్తారు. మీ వైపు పిలకాయల ఇళ్ళలో కూడా అట్టాంటి చీటీలు ఉంటాయి, మామిడివో బత్తాయివో. తెమ్మనండి. పేర్లు కొట్టేసి, ఆ అంకెలతోనే లెక్క వేయించండి. కమీషను ఒక శాతం పెరిగితే నాన్నకి ఎంత తగ్గుతుందో వాళ్ళనే కట్టమనండి.

కనిగిరి లెక్కలు

చీటీలు దొరికితే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి మేడం. ఎనిమిదికి వేరే, తొమ్మిదికి వేరే ప్రశ్నలు రాసి ఆదివారంలోపు పెడతాను. రెండు భాషల్లోనూ రాస్తాను.