గొల్లభామ దెబ్బ: గురి చూసి కొట్టేదా, తనంతట తాను పడేదా?

పచ్చరెక్క: గొల్లభామ, అదే ప్రేయింగ్ మాంటిస్, లెక్క వేసుకుని మరీ వేటాడుతుందని చాలామంది రాస్తున్నారు. నేను ఒప్పుకోను. కదిలే పురుగు అందేంత దగ్గరికి రాగానే ముందుకాళ్లు వాటంతట అవే విసురుగా వెళ్తాయి, అంతే. 1950ల్లో మిట్టెల్‌స్టాట్ అనే శాస్త్రవేత్త దాని మెడ దగ్గరి సన్నటి వెంట్రుకల నుంచి వెళ్లే నరాలు ఒక పక్క కోసేస్తే, దెబ్బ పక్కకి పోయింది. తల ఎటు తిరిగి ఉందో ఆ వెంట్రుకలు చెబితేనే కాలు అటు వెళ్తుందన్నమాట. ఒకసారి వదిలాక దారి మార్చుకోవడమనేదే ఉండదని చాలాకాలం అందరూ అనుకున్నదే కదా?

ఆకుమాటు: ప్రయోగం నిజమేనండీ, కానీ దాన్నుంచి మీరు తేల్చింది ఎక్కువైంది. గురికి మెడ సమాచారం కావాలన్నంత మాత్రాన, విసిరాక అదుపు ఉండదని కాదు. ముందుకాలు ఎలా పనిచేస్తుందో చూడండి. తొడ లోపలి అంచున రెండు వరసల ముళ్లు, వాటి మధ్య సన్నటి గాడి. పిక్క మీదా ముళ్లే, చివర ఒక కొక్కెం. మడతచాకులా మూసుకుంటే పురుగు ముళ్ల మధ్య ఇరుక్కుంటుంది. దెబ్బలో రెండు దశలుంటాయి: ముందు కాలు లేచి చాచుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా ఊడ్చి పట్టుకుంటుంది. 2020లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు హైస్పీడ్ కెమెరాతో తీస్తే, పురుగు నెమ్మదిగా వస్తే మొదటి దశ కూడా నెమ్మదించింది. తొందరపడి కాలు లేపిన సందర్భాల్లో మధ్యలో ఆగి, పురుగు దగ్గరికి వచ్చాకే పట్టింది. ఆగడం అన్నది వచ్చాక, తనంతట తాను పడే దెబ్బ అని ఎలా అంటాం?

నల్లచుక్క: కళ్ల సంగతి ఇద్దరూ వదిలేశారు. రెండు పెద్ద సంయుక్త నేత్రాలు, అంటే బోలెడు చిన్న గదులు కలిసిన కళ్లు, మీసాల మధ్య నుదుటి మీద మూడు చిన్న కళ్లు. మనం ఎటు జరిగినా మనల్నే చూస్తున్నట్టుండే నల్లచుక్క అసలు కనుపాపే కాదు, మన వైపు తిరిగిన గదుల్లో వెలుతురు లోపలికి వెళ్లిపోవడం వల్ల అలా కనిపిస్తుంది. 2016లో న్యూకాసిల్ యూనివర్సిటీలో తేనెమైనంతో చిన్న రంగు కళ్లద్దాలు అంటించి త్రీడీ సినిమా చూపించారు. తెర మీద పురుగు బొమ్మ అందేంత దగ్గర ఉన్నట్టు కనిపిస్తేనే కొట్టింది. లోతు, అంటే ఎర ఎంత దూరంలో ఉందో, గొల్లభామకి తెలుసు. కదలికే చాలు అంటే ఆ తేడా ఎందుకొచ్చింది?

పచ్చరెక్క: వేగం మార్చుకుంటుందన్న సంగతి సరే, లోతు సంగతీ సరే. కానీ తల తెగిన మగ గొల్లభామ జతకట్టడం ఆపదు. తలతో పని లేకుండా అంత క్లిష్టమైన పని జరిగిపోతుంటే, వేటకి మాత్రం వేరే లెక్క ఎందుకు?

ఆకుమాటు: ఆ రెండూ ఒకటి కాదండీ. జతకట్టే కదలికలు పొట్టలోని నరాల ముడుల పని. తలలోని ముడి వాటిని అణచి ఉంచుతుంది, అందుకే తల పోతే ఆ కదలికలు ఆగకపోగా జోరందుకుంటాయి. వేట దెబ్బ అలా కాదు, అది కళ్లతోనే మొదలవుతుంది. తల పోయిన గొల్లభామ ఎదురుగా ఈగని పెట్టండి, గురి చూసి కొట్టదు. మీ వాదనకి ఉదాహరణ కావాలంటే, కళ్లూ మెదడూ ఉండగా దెబ్బ మధ్యలో మారని సందర్భాలు చూపించండి, వాటి గురించి మాట్లాడుకుందాం.