నాలుగింతల వేగంతో దాటిన సముద్రం లెక్కలోకి వస్తుందా?

గోదావరిగట్టు:
సభ్యులందరికీ నమస్కారం. కంప్యూటర్‌లో విమానం నడిపించే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం తీసుకుని రాజమండ్రి నుంచి పడమరగా బయలుదేరాను. ఐరోపా, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, కెనడా, అలాస్కా, కమ్చత్కా, జపాన్ మీదుగా ఎనిమిది నెలలకు తూర్పు వైపు నుంచి వచ్చి అదే రన్‌వే మీద దిగాను. మొత్తం దాదాపు 31,000 కిలోమీటర్లు. నేల మీదుగా సాగిన దారంతా అసలు వేగంతోనే నడిపాను కానీ, నీళ్లు తప్ప మరేమీ కనబడని చోట సిమ్ రేట్‌ను, అంటే సిమ్యులేటర్‌లో కాలం నడిచే వేగాన్ని, 4కు పెంచాను. ఎగిరిన గంటలు రాసుకున్న నా లాగ్‌బుక్ చిత్రం ఇక్కడ పెట్టాను, అది చూసిన ఒక మిత్రుడు ఇది భూప్రదక్షిణ కాదు పొమ్మన్నారు. మీరేమంటారు?

బేగంపేట_సోలో:
కాదనే నేనూ అంటాను. ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్ నుంచి గ్రీన్‌లాండ్‌లోని కులుసుక్‌కు దాదాపు 400 నాటికల్ మైళ్లు. 120 నాట్ల, అంటే గంటకు 120 నాటికల్ మైళ్ల, వేగంతో వెళ్లే 172కు గాలి లేకపోయినా మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. మీరు యాభై నిమిషాల్లో దాటారు. సిమ్యులేటర్‌లో లైవ్ వెదర్, అంటే ఆ చోట అప్పుడున్న అసలు వాతావరణం, పెట్టుకుంటే అది బయటి గడియారాన్ని బట్టి మారుతుందే తప్ప మీ సిమ్ రేట్‌ను బట్టి కాదు. అంటే మూడు గంటల్లో కమ్ముకోవలసిన మబ్బు కమ్ముకోకముందే మీరు అవతలి ఒడ్డున ఉన్నారు. చిన్న విమానంతో సముద్రం దాటడంలో ఉన్న భయమంతా ఆ మబ్బులోనే ఉంది కదా!

లెక్కలమూర్తి:
వేగం సంగతి తరువాత చూద్దాం, ముందు దూరం తేల్చండి. ప్రపంచాన్ని చుట్టివచ్చిన వేగ రికార్డుకు అంతర్జాతీయ వైమానిక సమాఖ్య అడిగే కనీస దూరం 36,787.559 కిలోమీటర్లు, అంటే కర్కటరేఖ పొడవు. ఉత్తరాన చుట్టు తగ్గుతుంది కాబట్టి మీకు 31,000 వచ్చింది.

కాకినాడ_కుర్రాడు:
బయలుదేరిన రన్‌వే మీదే దిగారు కదండీ, ప్రదక్షిణకు అంతకన్నా ఇంకేం కావాలి?

గోదావరిగట్టు:
మూర్తి గారూ, నేను రికార్డు కోసం బయలుదేరలేదు. బేగంపేట గారూ, మోసమే చేయదలచుకుంటే ఇంధనం తరగకుండా ఉండే ఐచ్ఛికం సెట్టింగుల్లోనే ఉంది, దాన్ని నేను ముట్టుకోలేదు. గ్రీన్‌లాండ్‌లోని నార్సార్సువాక్ నుంచి కెనడాలోని గూస్ బేకు నేరుగా దాదాపు 675 నాటికల్ మైళ్లు. 172లో వాడుకోదగిన ఇంధనం 53 గ్యాలన్లు, దానితో ఎంత పొదుపుగా వెళ్లినా 640 నాటికల్ మైళ్లు దాటడం కష్టం, పైగా పడమరగా వెళ్లేవాడికి ఎదురుగాలి. అందుకే ఆ దారి వదిలి ఐస్‌లాండ్ నుంచి కులుసుక్, నూక్, కెనడాలోని ఇకాలుయిట్ మీదుగా మూడు ముక్కలు చేసుకున్నాను. కులుసుక్‌లో రన్‌వే కంకరది. మబ్బు కిందికి దిగేసరికి ముందు మంచుగడ్డలు తేలుతున్న నీళ్లు, ఆ పక్కనే కొండ, చివర్లో ఎక్కడో బూడిదరంగు చార కనిపించాయి. మొదటిసారి మరీ ఎత్తుగా వచ్చానని తెలిసి మళ్లీ పైకి లేచి చుట్టి వచ్చాను. ఆ చుట్టు తిరిగినప్పుడు సిమ్ రేట్ 1లోనే ఉంది, నా చొక్కా తడిసింది కూడా నిజంగానే.

బేగంపేట_సోలో:
మీ ల్యాండింగ్‌లను నేను కాదనడం లేదు. 1964లో జెర్రీ మాక్ సెస్నా 180లో, క్యాబిన్‌లో అదనపు ఇంధన ట్యాంకులు పెట్టుకుని, 29 రోజుల్లో ఒంటరిగా ప్రపంచం చుట్టివచ్చారు. 2019లో మన దేశానికి చెందిన ఆరోహి పండిత్ తేలికపాటి విమానంలో ఇదే ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దారిలో అట్లాంటిక్ దాటారు. వాళ్లకు సముద్రం మీద చేయవలసిన పని ఏమీ లేకపోవడమే పెద్ద పని. ఇంజిన్ చప్పుడులో ఏదో తేడా వచ్చిందేమోనని ప్రతి పది నిమిషాలకూ చెవి రిక్కించడం, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, ఇంధనాల మిక్స్‌చర్ సరిచేయడం, ఇంధనం లెక్క మళ్లీ మళ్లీ వేసుకోవడం, నిద్రను ఆపుకోవడం. మీరు ఆ భాగాన్నే తీసివేసి, తక్కినది ఉంచుకున్నారు.

తీరంవాసి:
ఇంట్లో కంప్యూటర్ మీద నడిపిన సిమ్యులేటర్ గంటలను ఏ విమానయాన సంస్థా ఎవరినీ అడగదు కనుక, కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కావడం లేదు.

గోదావరిగట్టు:
నిద్ర ఆపుకోవడం గురించి నాకు చెప్పవద్దు. మా అమ్మకు మందులిచ్చి పడుకోబెట్టాక రాత్రి పదింటి నుంచి పన్నెండు దాకానే నాకు కంప్యూటర్ దొరుకుతుంది. మూడున్నర గంటలు కదలకుండా కూర్చోవడం నాకు కుదిరే పని కాదు. పందొమ్మిదేళ్ల వయసులో వైద్యపరీక్షకు వెళితే రంగులు గుర్తుపట్టగలనో లేదో చూసే చుక్కల పుస్తకంలో నాకు అంకె కనబడలేదు, నా పైలట్ కథ ఆ పేజీలోనే ముగిసింది. పైలట్ ఉద్యోగం రాని కోపాన్ని వేరేచోట చూపించుకోండి, ఈ కుర్చీలో కూర్చున్నవాడి మీద కాదు.

బేగంపేట_సోలో:
ఉద్యోగం రాలేదన్న మాట నిజమే, దాచవలసిన అవసరం నాకు లేదు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. శిక్షణ సంస్థలో విమానం మరమ్మతులో ఉందని, బోధకుడు సెలవులో ఉన్నాడని నెలలు గడిచాయి. ఆ 200 గంటల్లో ప్రతి గంట వెనుకా మా నాన్న అమ్మిన పొలంలో ఒక ముక్క ఉంది. మీరు పెట్టిన లాగ్‌బుక్ చిత్రాన్ని మళ్లీ చూడండి. పైలట్ ఇన్ కమాండ్, అంటే విమానానికి బాధ్యత వహించే పైలట్‌గా ఎగిరిన గంటలు, అన్న గడిలో 140 గంటలని రాశారు. నా అభ్యంతరం మీ సముద్రం మీద కాదు, ఆ గడి మీద. ఈ మాట మొదటే చెప్పవలసింది, మబ్బుల మీద పెట్టి చెప్పాను.

లెక్కలమూర్తి:
31,000 కిలోమీటర్లను 120 నాట్లతో, అంటే గంటకు 222 కిలోమీటర్లతో భాగిస్తే 140 గంటలు సరిగ్గానే వస్తుంది. సముద్రం మీద ఎన్ని గంటలు?

గోదావరిగట్టు:
విమానం గడియారం ప్రకారం 48.

లెక్కలమూర్తి:
అయితే ఆ 48 మీకు 12 గంటల్లో ముగిశాయి. మీరు కూర్చున్నది 104 గంటలు. ఆ గడిలో 36 గంటలు ఎక్కువ పడ్డాయి.

గోదావరిగట్టు:
ఒప్పుకుంటున్నాను. విమానం గడియారంలో ఉన్నది చూసి రాశానే తప్ప, 36 గంటలు కలుపుకుందామని రాయలేదు. ఈ రాత్రే 140 కొట్టివేసి 104 వేస్తాను. ఇందాక ఉద్యోగం మాట ఎత్తి ఉండకూడదు, నోరు జారాను.

బేగంపేట_సోలో:
అంకె మారిస్తే సగమే సరిపోతుంది. పైలట్ ఇన్ కమాండ్ అన్న మాట కూడా తీసి, సిమ్యులేటర్ అని రాయండి.

గోదావరిగట్టు:
పుస్తకం అట్ట మీద సిమ్యులేటర్ అని పెద్ద అక్షరాలతో రాస్తాను. లోపల గడి పేరు మాత్రం మార్చను. కులుసుక్‌లో మళ్లీ పైకి లేవాలని నిర్ణయించింది నేనే, ఆ క్షణాన పక్క సీటులో ఎవరూ లేరు.

బేగంపేట_సోలో:
పక్క సీటులో ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో నా పేరులోనే ఉంది. గడి విషయంలో నా మాట మారదు.

లెక్కలమూర్తి:
గంటలు తేలాయి కానీ, నేనడిగిన 5,788 కిలోమీటర్లకు ఇంతవరకూ ఎవరూ సమాధానం చెప్పలేదు.