కొత్త పరికరాన్ని ప్రభుత్వ సంస్థకు అమ్మడం ఎలా? బెంగళూరులో మీ అనుభవాలు చెప్పండి

పీణ్యవాసి:
భూమిలో పైపు ఎక్కడ లీకవుతోందో శబ్దాన్ని బట్టి పట్టే సెన్సర్ చేస్తాం. చిన్న యూనిట్. ఒక నీటి సంస్థ టెండర్‌లో మూడేళ్ల టర్నోవర్, ఇదే పని ముందు చేసినట్టు సర్టిఫికెట్ అడిగారు. ఇప్పుడే పుట్టిన వస్తువుకి పాత అనుభవం ఎక్కడ తెచ్చేది?

జయనగర అక్క:
కేంద్ర శాఖ టెండరైతే జీఎఫ్ఆర్ 2017 (కేంద్రం ఖర్చులకూ, కొనుగోళ్లకూ పాటించే ఆర్థిక నియమాలు) లోని 173(i) చూపించు తమ్ముడూ. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఆ రెండు షరతులూ సడలించవచ్చు. కాకపోతే అది అధికారి ఇష్టం, క్వాలిటీలో మాత్రం రాయితీ ఉండదు. రాష్ట్ర సంస్థలు 1999 నాటి కేటీపీపీ చట్టం (కర్ణాటక ప్రభుత్వ కొనుగోళ్ల చట్టం) ప్రకారం కొంటాయి, కాబట్టి అక్కడ ఇది పనిచేయదు. ఏదైనా సరే, బిడ్లు వేయకముందు సందేహాలు తీర్చే ప్రీబిడ్ మీటింగ్‌లో రాసి ఇవ్వు. మేం రాసిచ్చాకే సవరణ వచ్చింది.

పాత ఇంజినీరు:
నేను కొనే వైపు పనిచేసి రిటైరయ్యాను. అసలు చిక్కు టెండర్ రాసేటప్పుడే మొదలవుతుంది. పాత కేటలాగ్ ముందు పెట్టుకుని ఫలానా బరువు, ఫలానా ఫ్రీక్వెన్సీ అని రాసేస్తారు. అలా కాకుండా "లీకును రెండు మీటర్ల లోపు చూపాలి, తవ్వి సరిచూస్తాం" అని రాస్తే ఎవరి పరికరమైనా పోటీకి రావచ్చు. ఎల్-1ను, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవారిని, కాదంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఎల్-1 దగ్గర కొన్నది మూలన పడితే సంజాయిషీ అడిగేవారు తక్కువ. ఈ టెన్షన్ పోకుండా అధికారి కొత్తదాని జోలికి రాడు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థికశాఖ నిర్మాణంలాంటి పనులకూ, కన్సల్టెన్సీ కాని సేవలకూ నాణ్యతకు 30 శాతం వరకు మార్కులు ఇవ్వొచ్చంది. కాబట్టి సెన్సర్ అమ్మకుండా లీకులు వెతికే సేవగా ఇవ్వగలరేమో ఆలోచించండి.

కోరమంగల నుంచి:
ఉచిత పైలట్‌కి (ముందుగా వాడి చూసే ప్రయోగానికి) తొందరపడి ఒప్పుకోకండి. ఒక సంస్థ మాతో నెలల తరబడి ఫ్రీగా నడిపించుకుని, మా రిపోర్టునే స్పెసిఫికేషన్‌గా పెట్టి టెండర్ పిలిచింది. టర్నోవర్ లేదని మమ్మల్నే పక్కన పెట్టింది! పాసైతే ఎన్ని కొంటారో, ఏ ధరకో ముందే రాయించుకోవాలి. రక్షణశాఖ స్టార్టప్‌ల కోసం 2018లో తెచ్చిన ఐడెక్స్ పథకంలో సమస్యను సైన్యమే చెప్తుంది, నమూనాకు కోటిన్నర వరకు గ్రాంటు కూడా ఉంది. నీటి సంస్థలకూ అలాంటి దారి కావాలి.

జయనగర అక్క:
చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించు. సరుకు అంగీకరించాక 45 రోజులు దాటినా డబ్బు రాకపోతే చిన్న పరిశ్రమల బకాయిల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో ఫిర్యాదు చేసి వడ్డీ అడగొచ్చు.

పీణ్యవాసి:
చాలా థాంక్స్. ప్రీబిడ్ గురువారం ఉంది. ఇంజినీరు గారూ, స్పెసిఫికేషన్ ఎలా మార్చాలో రాసి రేపు ఇక్కడే పెడతాను, ఒకసారి దిద్దిపెట్టండి.