మేనేజర్ పోస్టు వద్దన్నాను: ఇది ఎదుగుదలా, ఎగ్గొట్టడమా?

బెళ్లందూరు_బాటసారి (చర్చ మొదలుపెట్టినవారు):

బెంగళూరొచ్చి పదేళ్లు దాటింది. సాఫ్ట్‌వేర్‌లో బ్యాకెండ్ (తెర వెనక సర్వర్, డేటాబేస్) పని, ఇప్పుడు టెక్ లీడ్‌ని. మొన్నటి అప్రైజల్లో ఇంజినీరింగ్ మేనేజర్‌గా వెళ్లమన్నారు. జీతం పెరుగుతుంది, షేర్లూ కొన్ని ఎక్కువిస్తారు. బాగా ఆలోచించే వద్దన్నాను.

కారణం దాచేదేం లేదు. మా దగ్గర మేనేజరంటే రేటింగులు, ఇంటర్వ్యూలు, రాత్రి తొమ్మిదికి అమెరికా కాల్స్. నాకు నచ్చే పని వేరు. ఒక క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఎందుకు అంతసేపు నడుస్తోందో తవ్వి తవ్వి, ఏ టేబుల్ మీద ఇండెక్స్ (త్వరగా వెతికేందుకు పెట్టే సూచిక) లేదో పట్టుకున్న రోజు నాకు అన్నం కూడా రుచిగా ఉంటుంది. చేతిలో ఉన్న పనిలో ఇంకా లోతుకెళ్లడం, సర్జాపూర్ రోడ్డు ట్రాఫిక్ ఈదుకుంటూ సాయంత్రం ఏడుకల్లా ఇంట్లో పడటం, నా లెక్కలో సక్సెస్ అంటే ఇవే.

మా ఆవిడ సరేనంది. నాన్న మాత్రం ఫోన్లో మాట తగ్గించేశారు. బాబాయి కొడుకు హైదరాబాదులో డైరెక్టరయ్యాడు, ఆ పోలిక నడుస్తోంది. ఎవరి సక్సెస్ ఏమిటో వాళ్లే తేల్చుకోవాలని నేనంటాను. మీరేమంటారు?

కడప_కారం:

అన్నా, కుండబద్దలు కొట్టి చెప్తా. ఎగ్గొట్టడమే.

సర్జాపూర్ రోడ్డంటున్నావు, ఫ్లాటు కొన్నట్టుండావు. లెక్క చూడు. 60 లక్షల లోను, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు 52 వేల చిల్లర. చివరికి కట్టేది కోటీ పాతిక లక్షలు. పైగా ఎప్పటికప్పుడు మారే ఫ్లోటింగ్ రేటు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి తీసుకుపోయింది. ఈఎంఐ పెరగలేదని చానామంది సంబరపడినారు. స్టేట్‌మెంటు తీసి చూసుకుంటే తెలిసింది, కంతులు ఇంకా ఎన్నేళ్లు పెరిగినాయో. నీ సక్సెస్ ఏందో విని బ్యాంకోడు వడ్డీ తగ్గించడు.

ఇంకోటి. నీకు నలభై అయిదొచ్చేసరికి పాతికేళ్ల పిల్లోడు అదే పని సగం జీతానికి చేస్తానంటాడు. అప్పుడు ఎవరికి చూపిస్తావు నీ లోతు?

రింగ్‌రోడ్డు_రామచిలక:

డబ్బు గురించే అయితే ఇది చూడండి. 2010లో కానమన్, డీటన్ కలిసి తేల్చారు, ఏడాదికి 75 వేల డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెద్దగా పెరగదని. ఇద్దరూ ఆర్థికశాస్త్రంలో నోబెల్ తీసుకున్నవాళ్లే. కడప గారూ, ఇంకేం కావాలి?

లెక్కల_మాస్టారు_మడివాళ:

రామచిలక గారూ, మీరు చెప్పింది సగమే. ఆ 2010 పరిశోధనలోనే ఇంకో ముక్క ఉంది, 'నా జీవితం మొత్తం మీద ఎలా ఉంది' అని అడిగితే వచ్చే జవాబు మాత్రం ఆదాయంతో పాటు పెరుగుతూనే పోయిందని. తర్వాత 2021లో కిలింగ్స్‌వర్త్ అనే ఆయన ఫోన్ యాప్ ద్వారా ఏ వేళలో పడితే ఆ వేళలో మనుషుల్ని పలకరించి చూస్తే, ఆ 75 వేల గీత అసలు కనబడలేదు. 2023లో ఆయనా కానమనూ కలిసి కూర్చున్నారు, బార్బరా మెల్లర్స్ మధ్యవర్తి. ఎక్కువమందికి ఆదాయంతో పాటు సంతోషమూ పెరుగుతుందనీ, బాగా దిగులుగా ఉండే దాదాపు 20 శాతం మందికే సుమారు లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుందనీ తేల్చారు. వాట్సాప్‌లో ఈ రెండో కథ రాదు.

అయినా అవి అమెరికా జీతాలు. నేటి డాలరు రేటుతో గుణించి బెళ్లందూరుకు అంటగట్టలేం.

మల్లేశ్వరం_మావయ్య:

మోక్షగుండం వారి వంశం, విశ్వేశ్వరయ్య గారు, 1918లో మైసూరు దివాన్ పదవినే వదిలేశారు. పదవి గొప్పా, మనిషి గొప్పా? బాబూ బాటసారీ, నువ్వు నిశ్చింతగా ఉండు.

లెక్కల_మాస్టారు_మడివాళ:

మావయ్య గారూ, మన్నించాలి, ఆయన్ని ఇందులోకి లాగకండి. దివాన్‌గిరీ వదిలింది ప్రశాంతత కోసం కాదు. ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు వాటా ఇవ్వాలన్న వ్యవహారంలో (మిల్లర్ కమిటీ వేసింది అప్పుడే) మహారాజుతో పొసగలేదు. 1908లో బొంబాయి ప్రభుత్వ కొలువునూ ముందే వదిలేశారు. ఆ తర్వాత మూసీ వరదల నుంచి హైదరాబాదును కాపాడే పథకం వేసిచ్చారు, 1909లో మైసూరు చీఫ్ ఇంజినీరయ్యారు. దివాన్‌గిరీ పోయాక కూడా భద్రావతి ఇనుప కర్మాగారాన్ని నడిపించారు. ఏడింటికి ఇల్లు చేరే బాపతు కాదు ఆయన.

ఓరుగల్లు_మేనేజర్:

నేను మూడేళ్ల కింద ఆ పోస్టు తీసుకున్న. అందుకే రాస్తున్న.

కడప అన్నా, మేనేజరైతే ఉద్యోగం పదిలం అనుకునుడు పాత ముచ్చట. 2024 సెప్టెంబర్‌ల అమెజాన్ పెద్దాయన బయటికే చెప్పిండు, మేనేజర్లతో పోలిస్తే పనిచేసేటోళ్ల నిష్పత్తి కనీసం 15 శాతం పెరగాలని. అంటే పీకేది ఎవరినో అర్థమైతది గదా. మధ్యల ఉండేటోడికే గండం.

బాటసారీ, నీ మాట గూడ నాకు పూర్తిగ నచ్చలే. మేనేజరంటే రేటింగులు, కాల్స్ అని రాసినవ్. నిజమే, అవున్నయ్. గానీ మా టీంల ఒక పిల్ల ఉండె, మీటింగుల నోరిప్పకపోవు. ఇయ్యాల క్లయింటుతోని తనే మాట్లాడుతది. దాంట్ల నా చెయ్యి ఉన్నది. ఆ సంతోషం ఇండెక్స్ దొరికినప్పటి సంతోషం కన్నా తక్కువేం గాదు. నువ్వు రుచి చూడకుండనే వద్దన్నవ్. ఒక ఆర్నెల్లు తాత్కాలికంగ చేసి చూస్తనని అడిగినవా? చాలా కంపెనీలు ఒప్పుకుంటయ్. చేసి వద్దంటే నీ మాటకు బలముంటది.

ముద్దపప్పు_మెస్ (మారతహళ్లి):

నాదీ ఓ మాటండి. రెండో బ్రాంచి పెట్టమని రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. షాపు అద్దెకు అడ్వాన్సే పది నెలలది అడుగుతారు, వంటమాస్టర్లు నెలకో చోటికి మారిపోతారు. అదలా ఉంచండి, ఇక్కడ గోంగూర నేనే దగ్గరుండి తిరగమోత వేయిస్తాను. అక్కడ ఎవరు వేయిస్తారండి? ఒక్క కొట్టు చాలనుకున్నాను. పిల్లల ఫీజులు కడుతున్నాను, ఊళ్లో ఇంటికి స్లాబు వేశాను. నేను వెనకబడ్డానని మాత్రం అనిపించదండి.

కడప_కారం:

మెస్ అన్నా, నీ గోంగూరకు దండం, ఆదివారం తప్పకుండా వచ్చేది అక్కడికే. కానీ నువ్వు ఓనరువి. ఒక్క కొట్టు చాలనుకుంటే నిన్ను అడిగేవాడు లేడు. బాటసారి అన్న ఉద్యోగి. ఆయన పదేళ్లు అదే మెట్టు మీదుంటే కంపెనీకి ఆయన జీతం బరువవుతుంది. చాలు అనే మాట ఇద్దరికీ ఒకే ధరకు దొరకదు.

పర్పుల్‌లైన్_ప్రయాణికురాలు:

బాటసారి గారూ, మీ పోస్టు చదివితే మొదట నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. మీ మీద కాదులెండి.

పాప పుట్టినప్పుడు 26 వారాల సెలవు తీసుకున్నాను (2017 సవరణ నుంచి చట్టం ఇచ్చేది అదే). తిరిగొచ్చాక నాకూ లీడ్ పోస్టు ఇస్తామన్నారు, రాత్రి కాల్స్ ఉంటాయన్నారు. వద్దన్నాను. మా అమ్మ 'మంచి పని చేశావు తల్లీ' అంది. అత్తయ్యగారు పక్క ఫ్లాటు వాళ్లకు చెప్పుకుని మురిసిపోయారు. అప్పటి మా మేనేజరైతే నేను నోరు తెరవకముందే 'అర్థమైంది' అన్నారు. ఎవరూ మాట తగ్గించలేదు, ఏ బాబాయి కొడుకుతోనూ పోల్చలేదు. ఇది ఎదుగుదలా, ఎగ్గొట్టడమా అన్న సందేహం ఒక్కరికీ రాలేదు.

మీరు చేసిందీ నేను చేసిందీ ఒకటే. మిమ్మల్ని సంజాయిషీ అడిగారు, నాకు హారతి పట్టారు. మీ నాన్నగారి అలక వెనక మీరు ఇంకా పైకి వెళ్లగలరన్న నమ్మకం ఉంది. నా విషయంలో ఆ నమ్మకంతో ఎవరికీ పని పడలేదు.

అందుకే ఎవరి సక్సెస్ వాళ్లే తేల్చుకోవాలన్న మీ మాట దగ్గర నాకు పేచీ. ఏడుకల్లా ఇంట్లో ఉండటం మీరు ఎంచుకున్నారు. నాకది ముందే ఎంచిపెట్టి ఉంది. నేనూ దాన్ని నా నిర్ణయమనే అందరికీ చెప్పాను, నమ్మాను కూడా. చుట్టూ ఉన్నవాళ్లు తిడుతున్నా నిలబెట్టుకున్న నిర్ణయం మనదేనని ఇట్టే తెలుస్తుంది. అందరూ మెచ్చుకున్నదాని సంగతే తేలడం కష్టం. పాపకిప్పుడు ఆరేళ్లు. నాకు ఆ లీడ్ పోస్టు కావాలి. కావాలని పైకి అనడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇంకొకటి. మీ ఆవిడ సరేనన్నారని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడ ఉద్యోగం చేస్తున్నారా? పెరగని ఆ జీతం బరువు ఎవరి మీద పడుతుంది? ఆడవాళ్లు అనే సరేల్లో చాలా రకాలుంటాయి.

రింగ్‌రోడ్డు_రామచిలక:

పై పోస్టు చదివాక నా డాలర్ల గోల వెనక్కి తీసుకుంటున్నాను.

బెళ్లందూరు_బాటసారి:

అందరివీ చదివాను. ముందు ప్రయాణికురాలు గారికి. మా ఆవిడదీ ఉద్యోగమే, వైట్‌ఫీల్డ్‌లో. మీ పోస్టు తనకు చూపించాను. ఇద్దరం కూర్చుని కాగితం మీద లెక్క వేశాం. కడప అన్న చెప్పినంత లోను కాదు మాది, ఎవరి ఉద్యోగం పోయినా కొన్ని నెలలు లాగగలం. అయితే తనో ప్రశ్న వేసింది, రేపు తనకు సింగపూర్ అవకాశం వస్తే నేను వెంట రాగలనా అని. నేను రాసుకున్న సక్సెస్‌లో ఆ గడే లేదు. దాని మీద మాట్లాడుకుంటున్నాం.

ఓరుగల్లు అన్నా, ఆర్నెల్ల సంగతి నిజంగా తోచలేదు. అయినా వద్దనే ఉంది. ఇంటర్న్‌లతో పని చేసినప్పుడే మనుషుల్ని నడిపించడంలో నాకు ఉత్సాహం రాదని తెలిసింది. కాకపోతే మా దగ్గర మేనేజర్ కాకుండానే పైకెళ్లే ప్రిన్సిపల్ ఇంజినీర్ అనే మెట్టు కాగితం మీద ఉంది. గత మూడేళ్లలో అది ఎంతమందికిచ్చారో చెప్పమని హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాను. నాన్న సంగతంటారా, సంక్రాంతికి వెళ్లినప్పుడు చూసుకోవాలి.

కడప_కారం:

ఇప్పుడు లెక్క మాట్లాడినావు. హెచ్ఆర్ జవాబు వస్తే ఇక్కడ పెట్టు. సున్నా అని వస్తే మాత్రం నా మాటే గెలిచినట్టు, ముందే చెప్తాండా.

పర్పుల్‌లైన్_ప్రయాణికురాలు:

నా దరఖాస్తు సోమవారం పెడుతున్నాను. ఓరుగల్లు గారూ, మీరు ఇటువంటి ఇంటర్వ్యూలు తీసుకుంటారు కదా, ఏం అడుగుతారు?

ఓరుగల్లు_మేనేజర్:

మేడమ్, టెక్నికల్‌ది మీకు నేను చెప్పేదేం లేదు. పని సరిగ చెయ్యనోడు టీంల ఉంటే ఏం చేసిన్రని తప్పకుండ అడుగుతరు. అక్కడ చాలామంది 'కూర్చోబెట్టి మాట్లాడిన' అని ఆపేస్తరు. ఏం మాట్లాడిన్రు, ఎప్పుడు రాసి పెట్టిన్రు, ఆఖరికి ఏమైంది, ఈ మూడు చెప్పుర్రి. రాత్రి కాల్స్ ముచ్చట మీరే ముందు తీయండి. వారంల ఎన్ని, ఏ టైముకు, ఎవరెవరు పంచుకుంటరని అడుగుండ్రి. చేరినంక అడిగితే ఎవ్వరూ మార్చరు.