కువైట్ వెళ్ళిన అమ్మ, అరుగు మీద మిగిలిన పిల్లవాడు: ‘ఇన్నర్ చైల్డ్’ సాధనతో ఈ గాయం మానుతుందా?

రాజోలు వాసి:
నాకు నాలుగేళ్ళున్నప్పుడు, 1994లో, మా అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. నన్ను అమ్మమ్మ పెంచింది. మూడేళ్ళకు అమ్మ సెలవు మీద వచ్చినప్పుడు నేను అమ్మమ్మ చీర చాటున దాక్కుని, ‘ఎవరండీ మీరు’ అని అడిగానట. ఈమధ్య నిద్ర పట్టక ఒక కౌన్సెలర్‌ను కలిస్తే, నాలో ఉండిపోయిన ఆ పసివాడితో మాట్లాడే ‘ఇన్నర్ చైల్డ్’ సాధన చెప్పారు. కుడిచేత్తో నేను ప్రశ్న రాయాలి, ఎడమచేత్తో ఆ పిల్లవాడి జవాబు రాయాలి. రాసిన రాత్రి మనసు తేలికపడుతోంది గానీ, తెల్లవారి అమ్మ ముఖం చూస్తే కోపం వస్తోంది. ఇది గాయాన్ని మాన్పుతోందా, రేపుతోందా?

పాలకొల్లు, విశ్రాంత ఉపాధ్యాయుడు:
రేపుతోందనే నా అభిప్రాయం, బాబూ. మన ప్రాంతంలో గల్ఫ్ సొమ్ముతో తాటాకిల్లు డాబా అయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అమ్మమ్మ వేలిముద్రతో ప్రోగ్రెస్ కార్డు తెచ్చే పిల్లలు నా తరగతిలో ఏటా ఉండేవారు. వారందరి మీదా గాయపడినవారన్న ముద్ర వేద్దామా? పైగా జ్ఞాపకం శిలాశాసనం కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో 24 మందికి, ‘మీరు చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారు’ అని జరగని సంగతి చెప్పగా, దాదాపు నాలుగో వంతు మంది దానిని పూర్తిగానో కొంతగానో నమ్మారు. మీ ఎడమచేయి రాసినది నాలుగేళ్ళవాడి మాటో, మీ నేటి ఊహో తేల్చేదెవరు?

కాకినాడ, మానసిక సలహాదారు:
మాస్టారూ, మరచిపోయిన దుర్ఘటనలను తవ్వి తీస్తామనే వారి విషయంలో లాఫ్టస్ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది. ఇక్కడ తవ్వవలసిన రహస్యం లేదు. అమ్మ వెళ్ళిన సంగతి ఆమె పాస్‌పోర్టే చెబుతుంది. ఎడమచేతి రాతను నేనూ ఎవరికీ సూచించను. అయితే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ యంగ్ రూపొందించిన, చిన్ననాటి నుంచి పాతుకుపోయిన ఆలోచనా ధోరణులను మార్చే స్కీమా థెరపీలో ఇదే ఆలోచన క్రమశిక్షణతో నడుస్తుంది. అందులో వాడే ఒక పద్ధతిని, అంటే బాధించిన దృశ్యాన్ని ఊహలో తిరగరాయడాన్ని, ఆస్ట్రేలియా, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాలలో బాల్యపు దారుణాల వల్ల పిటిఎస్‌డితో (తీవ్రమైన చేదు అనుభవం తరువాత వెంటాడే మానసిక సమస్యతో) బాధపడుతున్న 155 మంది పెద్దలపై ఈఎండీఆర్ చికిత్సతో (కళ్ళను అటూ ఇటూ కదిలిస్తూ బాధాకరమైన జ్ఞాపకాన్ని తలచుకునే పద్ధతితో) పోల్చి పరీక్షించారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండింటితోనూ లక్షణాలు బాగా తగ్గాయి. రాజోలు వారి పరిస్థితి అంత తీవ్రమని నేననను.

ఆ పద్ధతిలో మొదట దృశ్యాన్ని పిల్లవాడి కళ్ళతో చూస్తారు. తరువాత పెద్దవాడైన మీరే ఆ అరుగు మీదికి వెళ్ళి, వాడి పక్కన కూర్చుని, ఆనాడు ఎవరూ చెప్పని మాట చెప్పాలి: ‘అమ్మ నీ అల్లరి వల్ల వెళ్ళలేదు.’ జరిగినది మారదు. దానికి ఆ పిల్లవాడు చెప్పుకున్న అర్థం మారుతుంది. మీ రాతలో పిల్లవాడు ఏడ్చి ఊరుకుంటున్నాడు, పెద్దవాడు ప్రశ్న అడిగి ఆగిపోతున్నాడు, అందుకే కోపం తెల్లవారే వరకు మిగులుతోందని నా అనుమానం. రాత్రిపూట ఒంటరిగా చేయకండి. తట్టుకోలేనంతగా ముంచుకొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

పాలకొల్లు, విశ్రాంత ఉపాధ్యాయుడు:
వివరణ బాగుందమ్మా. అయినా ఒక మాట వదులుకోను. ఊహలోని అమ్మ ఎదురు చెప్పదు గనుక ఆమెతో మాట్లాడటం తేలిక. వంటింట్లో కూర్చున్న అమ్మను అడగడమే కష్టం. నాలుగేళ్ళ బిడ్డను వదిలి విమానమెక్కిన మనిషి ఆమె. ఆమె కథ ఏ చేత్తో రాయాలి?

రాజోలు వాసి:
ఆదివారం అడిగాను, మాస్టారూ. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక క్యాసెట్ తీసింది. అమ్మమ్మ నా మాటలు రికార్డు చేయించి, ఊరి నుంచి కువైట్ వెళుతున్న ఎవరి చేతనో పంపించిందట. పని ముగిశాక, ఆ ఇంటివారికి వినపడకుండా దుప్పటి కప్పుకుని వినేదట. అందులో నేను ఏడుస్తున్నానో, పాట పాడుతున్నానో అమ్మ చెప్పలేదు, ‘నువ్వే విను’ అంది. కోపం పోయిందని అబద్ధం చెప్పను. ఎడమచేతి రాత మాత్రం ఆపాను. కాకినాడ వారు చెప్పిన పద్ధతి తెలిసిన నిపుణుల దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నాను. టేపు ఒకచోట నలిగిపోయింది. అమలాపురంలో గాని పాలకొల్లులో గాని పాత క్యాసెట్లు బాగుచేసేవారు ఇంకా ఉంటే దయచేసి తెలియజేయండి.