జూలై 4 (అమెరికా స్వాతంత్ర్య దినం) కుకవుట్, అంటే ఆరుబయట విందు: పొటాటో సలాడ్ నీరు కారకుండా ఎలా?

ప్రశ్న: ఇరవైమందికి చేయాలండీ. ఎప్పుడూ ముక్కలు చితికి, అడుగున నీరు చేరుతోంది. ఎండలో ఎంతసేపు ఉంచొచ్చు?

జవాబు 1: రసెట్ రకం బంగాళాదుంపలు వద్దు, పిండి ఎక్కువ కాబట్టి చెదిరిపోతాయి. యూకాన్ గోల్డ్ రకం మూడున్నర కిలోలు చాలు. ముక్కలు ఉప్పు వేసిన చన్నీళ్లలో వేసి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చితికి, లోపల పలుకుగా ఉంటుంది. వార్చాక ఖాళీ గిన్నెలో సన్నసెగ మీద రెండు నిమిషాలు తడి ఆరనివ్వండి, అసలు కిటుకు ఇదే. వెనిగర్ వేడి మీదే చల్లండి, బాగా పీలుస్తుంది. మయోనైజ్ మాత్రం పూర్తిగా చల్లారాకే, లేదంటే విరిగి నూనె తేలుతుంది.

జవాబు 2: సెలరీ (పచ్చిగా తినే కాడల కూర), ఉల్లి ముక్కలూ నీరు వదులుతాయి. ఉప్పు రాసి పావుగంట ఉంచి, ఆ నీరు పిండేసి సలాడ్‌లో కలపండి.

జవాబు 3: బయట రెండు గంటలే. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 32 సెల్సియస్) దాటితే ఒక్క గంట. ఐసు నింపిన పళ్లెంలో గిన్నె పెట్టి, కొంచెం కొంచెంగా బయటికి తీయండి.